కాపర్-టి నొప్పికి జెల్లా, స్ప్రేనా, క్రీమా?

కాపర్-టి వేయించుకోబోయేవాళ్లు తరచూ అడిగేది ఒక్కటే: "మత్తు జెల్లీ రాస్తారటగా, అది చాలదా?" తిమ్మిరెక్కించే మందు లిగ్నోకెయిన్ ఉన్న 2% జెల్లీ ఒక్కటే అయితే చాలదు. పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే 2015 నాటి కాక్రేన్ సమీక్షలో కూడా దానివల్ల నొప్పి తగ్గలేదనే తేలింది.

ఎందుకో తెలియాలంటే నొప్పి ఎక్కడెక్కడ పుడుతుందో చూడాలి. గర్భాశయ ముఖద్వారాన్ని టెనాక్యులమ్ అనే కొక్కేల పటకారుతో పట్టుకున్నప్పుడు ఒకటి. లోతు కొలిచే 'సౌండ్' అనే సన్నటి కడ్డీ లోపలి ద్వారం దాటేటప్పుడు రెండోది. పరికరం గర్భసంచి పైభాగాన్ని తాకి, సంచి బిగుసుకున్నప్పుడు మూడోది. ఆ మూడో నొప్పి వెన్నులో పై నరాల గుండా వెళ్తుంది కాబట్టి ముఖద్వారం మీద ఏం రాసినా దానికి అందదు. రాసే మందులు పనికొచ్చేది మొదటిదానికి, కాస్తో కూస్తో రెండోదానికి.

జెల్లీ చాలావరకు జారిపోతుంది, జిగట పొర దాటి లోపలికి ఇంకేది తక్కువ. అదే రోజు పాప్ స్మియర్ (ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు తీసే నమూనా) కూడా తీయాలంటే ముందు స్మియర్, తర్వాతే జెల్లీ. లేకపోతే నమూనా పాడవుతుంది.

10% స్ప్రే అంతకంటే నయం. ఒక్కో నొక్కుకు 10 మి.గ్రా. లిగ్నోకెయిన్ వస్తుంది. నాలుగు నొక్కులు చాలు: రెండు ముఖద్వారం పైన, రెండు రంధ్రం వైపు. ముందుగా గాజుగుడ్డతో జిగురు తుడవాలి. తుడవకపోతే మందు జిగురు మీదే ఉండిపోతుంది. ఆ తర్వాత మూడు నిమిషాలు ఆగాలి. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: కొట్టీ కొట్టగానే టెనాక్యులమ్ పెట్టేస్తారు, ఆపై స్ప్రే పనిచేయలేదంటారు.

రాసే మందుల్లో మా ఓటు లిగ్నోకెయిన్-ప్రిలోకెయిన్ క్రీముకే. చర్మం మీద దీనికి గంట పడుతుంది గానీ, తడి పొర మీద 5 నుంచి 10 నిమిషాలు చాలు. ముఖద్వారానికి పట్టించి, కాటన్ స్వాబ్‌తో కొంచెం లోపలికీ రాసి, సమయం కాగానే తుడిచి వెంటనే పని మొదలుపెట్టాలి. ఆలస్యమైతే మత్తు వదిలిపోతుంది. అంతసేపూ స్పెక్యులమ్ (యోనిని తెరిచి ఉంచే పరికరం) అలాగే ఉంచితే అదో బాధ కాబట్టి, తీసేసి మళ్లీ పెట్టడం మేలు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైమ్ తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లకు, కుష్ఠు వంటి జబ్బులకిచ్చే డాప్సోన్ వాడేవాళ్లకు ప్రిలోకెయిన్ వద్దు. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గే ప్రమాదం ఉంది.

అయితే యోని ద్వారా కాన్పు కానివాళ్లకు క్రీమూ అంతగా సరిపోదు, పారాసర్వైకల్ బ్లాక్ (ముఖద్వారం చుట్టూ ఇచ్చే మత్తు ఇంజెక్షన్) అడగాలి. ఇది మనకు చిన్న విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఇద్దరు పిల్లల తల్లి అయినా ముఖద్వారం ఎప్పుడూ పూర్తిగా తెరుచుకోకపోయి ఉండొచ్చు. "కాన్పులయ్యాయిగా, నొప్పి ఉండదులే" అన్న మాట ఆమె విషయంలో తప్పు.

బ్లాక్‌లో 1% లిగ్నోకెయిన్ 20 మి.లీ. వరకు వాడతారు: 2 మి.లీ. టెనాక్యులమ్ పట్టే చోట, మిగతాది ముఖద్వారాన్ని గడియారం అనుకుంటే 4, 8 అంకెలుండే చోట. సూది రక్తనాళంలో లేదని వెనక్కి లాగి చూసుకుని ఇస్తారు, మూడు నిమిషాలు ఆగుతారు. సూది నొప్పి కొంత ఉంటుంది. అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్‌కు పరిమితి కిలోకు 4.5 మి.గ్రా. కాబట్టి 40 కిలోల మనిషికి 180 మి.గ్రా., అంటే 1% మందు 18 మి.లీ. దాటకూడదు. ముందే స్ప్రే కొట్టి ఉంటే అదీ ఈ లెక్కలోకే వస్తుంది. చెవుల్లో హోరు, నోట్లో లోహపు రుచి, పెదవులకు తిమ్మిరి వస్తే వెంటనే చెప్పాలి.

మాత్రల సంగతికొస్తే, నొప్పి తగ్గించే నాప్రాక్సెన్ గంట ముందు వేసుకుంటే తర్వాతి మెలిపెట్టే నొప్పికి పనికొస్తుంది. ముఖద్వారాన్ని మెత్తబరిచే మిసోప్రోస్టాల్ అందరికీ మామూలుగా ఇవ్వాల్సింది కాదు, అదే కడుపులో నొప్పి తెస్తుంది.

కాన్పయిన 48 గంటల్లోపు వేసే కాపర్-టికి ఈ లెక్కలు వర్తించవు, అప్పుడు ముఖద్వారం తెరుచుకునే ఉంటుంది.