రోజుకి పది మాటలా, పూర్తి వాక్యాలా? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లకి ఇంగ్లిష్ నేర్చుకోవడంలో ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో మూడు భాషలు మాట్లాడే పిల్లలు మామూలే. ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో ఒడియా, టీవీలో హిందీ. అయినా ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి డిగ్రీ చదివినవాళ్లు కూడా నోరు తెరవడానికి జంకుతారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇంటర్వ్యూ అనగానే మొదటి టెన్షన్ అదే. ఎలా నేర్చుకోవాలని అడిగితే సాధారణంగా రెండు సలహాలు వస్తాయి. రోజుకి పది మాటలు అర్థాలతో సహా బట్టీ పట్టమని ఒకరంటారు. రోజూ పనికొచ్చే వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు నేర్చుకోమని ఇంకొకరంటారు. నా ఓటు రెండోదానికే, ఒక్క సందర్భంలో తప్ప.

మాటల పట్టిక వెనక మంచి ఆలోచనే ఉంది. ఇంగ్లిష్‌లో లక్షల మాటలున్నా రోజువారీ సంభాషణకి కావలసినవి కొద్దే. 1930లో ఆగ్డెన్ అనే ఆయన 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లిష్’ తయారుచేశారు. మన దేశంలో బెంగాల్ ప్రాంతంలో పాఠాలు చెప్పిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2000 మాటల పట్టిక అచ్చువేశారు. ఆగ్డెన్ పట్టికలో క్రియలు 18 మాత్రమే. అన్ని పనులూ అంత తక్కువ క్రియలతో ఎలా చెప్పగలం? ఒక్కో క్రియని పక్క మాటలతో కలిపి వాడితేనే. ‘గెట్ అప్’ అంటే లేవడం, ‘గెట్ ఆఫ్’ అంటే బస్సు దిగడం, ‘గెట్ వెల్’ అంటే ఒంట్లో నయం కావడం. ‘గెట్ అంటే పొందు’ అని నోట్సులో రాసుకున్నవాడికి ఈ మూడింటిలో ఏదీ తెలియదు. అంటే అతి చిన్న పట్టిక పట్టుకున్నా మాటల జంటలు నేర్చుకోక తప్పదు.

పట్టికతో ఇంకో చిక్కు, మాటలు వచ్చాక వాటిని మన వరసలో పేర్చేస్తాం. ‘నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు’ అంటాం. ఒడియాలోనూ ‘నావి’ అన్న అర్థంతో మొదలుపెట్టి ‘ఉన్నారు’ అనే ముగిస్తారు. ‘నాకు ఆకలేస్తోంది’ అన్నదీ అంతే, ఒడియాలో ‘మొతే భొక లాగుచ్చి’. రెండు భాషలూ ఇక్కడ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి ఒడియాలోంచి ఆలోచించినా ఇంగ్లిష్ వాక్యం కుదరదు. ‘ఐ హావ్ టూ చిల్డ్రన్’, ‘ఐ యామ్ హంగ్రీ’ అని మొత్తంగా నోటికి ఎక్కించుకుంటే ఈ గొడవ ఉండదు. ఆ పైన ‘ఐ హావ్ ఎ’ దగ్గర ఆగి చివరి మాట మార్చుకుంటూ పోవచ్చు: ఎ హెడేక్, ఎ ఫీవర్, ఎ క్వశ్చన్, ఎ టికెట్. పట్టికలోని మాటలకి అప్పుడు కూర్చునే చోటు దొరుకుతుంది.

వాక్యాల పద్ధతిలో లోపం లేదనను. నేర్చుకున్న ప్రశ్న గడగడా అడిగేస్తాం, అవతలివాళ్లు ఇచ్చే జవాబు అర్థం కాదు. స్టేషన్‌లో ‘విచ్ ప్లాట్‌ఫామ్?’ అని అడగడం తేలిక. ‘ఇట్స్ బీన్ చేంజ్డ్ టు ఫోర్’ అని వేగంగా అంటే బిక్కమొహం వేస్తాం. అందుకే ప్రశ్నతో పాటు రాగల రెండు మూడు జవాబులు కూడా చదువుకోవాలి. అన్నిటికంటే ముందు ‘సారీ, కుడ్ యూ సే దట్ ఎగైన్?’, ‘ప్లీజ్ స్పీక్ స్లోలీ’ రావాలి. ఈ రెండూ ఉంటే సంభాషణ తెగిపోదు. చాలా పుస్తకాల్లో ఇవి ఎక్కడో మధ్యలో ఉంటాయి, మొదటి పేజీలో ఉండాలి.

పుస్తకంతో కాకుండా మనిషితో మాట్లాడుతూ భాష నేర్చుకునే పద్ధతి మన ప్రాంతానికి కొత్త కాదు. పర్లాకిమిడి రాజావారి బడిలో 1880లో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు, సవర అనే గిరిజన భాష నేర్చుకోవడానికి తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని జీతమిచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. ఆ భాషకి అప్పటికి చదువుకోవడానికి పుస్తకాలే లేవు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో గానీ అచ్చవలేదు. ఇంట్లో అలా మనిషిని పెట్టుకోవడం మనకి కుదరకపోవచ్చు. కాలేజీలో చదువుతున్న చెల్లితోనో, పక్కింటి మేష్టారితోనో రోజూ పది నిమిషాలు మాట్లాడటం కుదురుతుంది.

ఇంగ్లిష్ తెలుగులోంచి నేర్చుకోవాలా, ఒడియాలోంచా అన్నది ఇక్కడివాళ్లకే వచ్చే ప్రశ్న. తెలుగులో అతను, ఆమె వేరు కాబట్టి ‘హీ’, ‘షీ’ పట్టుబడతాయి. ఒడియాలో ఇద్దరికీ ‘సే’ ఒక్కటే, అందులోంచి ఆలోచిస్తే తడబాటు వస్తుంది. ఒడియా పలుకుబడిలో శ, ష, స అన్నీ దాదాపు ‘స’ లాగే వినిపిస్తాయి. ‘షిప్’, ‘సిప్’ తేడా అక్కడ పోతుంది. తెలుగు లిపిలో రాసుకుంటే ఆ తేడా నిలుస్తుంది గానీ, మన నోరు బస్సు, బ్యాంకు అని చివర అచ్చు తగిలిస్తుంది. కాబట్టి ఏ లిపిలో రాసుకున్నా, నెట్ డిక్షనరీలో స్పీకర్ గుర్తు నొక్కి ఒకసారి వినాలి. అర్థం వివరించుకోవడానికి మాత్రం తెలుగే మేలని నా నమ్మకం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒడియా మాత్రమే చదవడం వచ్చిన పిల్లలకి తెలుగు అచ్చు పుస్తకం కొనివ్వకండి, ఎవరైనా తెలుగులో నోటితో చెప్పాలి.

ఇక పట్టిక గెలిచే ఆ ఒక్క చోటు: ఉద్యోగం. నర్సింగ్, మందుల షాపు, హోటల్, పేపర్ మిల్లు, ఏ పనికైనా దాని వస్తువులకీ, పరికరాలకీ, జబ్బులకీ పేర్లుంటాయి. అవి దాదాపు అన్నీ నామవాచకాలు, అర్థం మారదు. వాటిని పట్టికగా బట్టీ పట్టడమే త్వరగా అయ్యే పని. ఉద్యోగంలో చేరడానికి నెల ముందు మొదలుపెడితే సరిపోతుంది, అప్పటికి వాక్యాలు నోట్లో ఆడుతూ ఉండాలి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011 నుంచీ, ఒడియా 2020 నుంచీ ఉన్నాయి. ఈ పేర్లు చూసుకోవడానికి అది చాలు. వాక్యం మొత్తం దానికి అప్పజెప్పి, వచ్చింది వచ్చినట్టు ఇంటర్వ్యూలో చదవకండి.