సూపర్‌సిడ్ కిట్ రివ్యూ: సోలార్ ఫ్లేర్‌లని ఇంట్లోంచే రికార్డ్ చేద్దామనుకునేవాళ్ల కోసం

ముందే చెప్పేస్తున్నా, ఇష్టం ఉన్నవాళ్లు ధైర్యంగా తెప్పించుకోండి. కాకపోతే డబ్బాలో వచ్చే సర్క్యూట్ కన్నా మీరు చెక్క ఫ్రేమ్ మీద చుట్టుకునే తీగ (అదే యాంటెన్నా) ఎలా ఉంది, మీ ఇంట్లో కరెంట్ నాయిస్ ఎంత ఉంది, ఈ రెండింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ రివ్యూలో సగం వాటి గురించే రాస్తున్నా.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే రేడియోని వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ) అంటారు, ఈ కిట్ పట్టేది దాన్నే. హైదరాబాద్‌లో వివిధ భారతి 102.8 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది కదా, ఇది దానికి కొన్ని వేల రెట్లు కింద అన్నమాట, 18 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో తరంగం పొడవే 16 కిలోమీటర్లు దాటుతుంది. మామూలు రేడియో సముద్రపు నీళ్లలోకి దిగదు, ఇది మాత్రం కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల దాకా దిగుతుంది, అందుకే జలాంతర్గాములకి మెసేజ్‌లు పంపడానికి నేవీలు ఈ బ్యాండ్ వాడతాయి. మన నేవీకి తమిళనాడులో తిరునెల్వేలి జిల్లా విజయనారాయణం దగ్గర ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ ఉంది, 1990 నుంచీ నడుస్తోంది, 18.2 కిలోహెర్ట్జ్, దాన్ని వీటీఎక్స్ అంటారు. వాళ్లు పంపేది ఎన్‌క్రిప్టెడ్, అది మనకి అర్థం కాదు, అక్కర్లేదు కూడా. మనం చూసేది సిగ్నల్ బలం ఒక్కటే.

ఆ బలం ఎందుకు మారుతుందంటే, ఈ తరంగాలు నేలకీ ఐనోస్ఫియర్ (సూర్యుడి వల్ల విద్యుదావేశం ఎక్కిన పై వాతావరణం) అడుగు పొరకీ మధ్య ఇరుక్కుని ప్రయాణం చేస్తాయి. పగలు ఎండకి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డీ లేయర్ తయారవుతుంది, రాత్రికి దాదాపు మాయమైపోతుంది. పగటి పూట సూర్యుడి మీద ఫ్లేర్ (ఒక్కసారిగా జరిగే పేలుడు) వస్తే దాని ఎక్స్‌రేలు ఎనిమిది నిమిషాల్లో మన నెత్తి మీదికి వచ్చి ఆ పొరని ఇంకా గట్టిపరుస్తాయి, దాంతో మన సిగ్నల్ ఒక్కసారి ఎగురుతుంది (కొన్ని దారుల్లో పడిపోతుంది కూడా), తర్వాత నిదానంగా మామూలుకి వస్తుంది. దీన్నే సడన్ ఐనోస్ఫెరిక్ డిస్టర్బెన్స్ అంటారు, సిడ్ అనే పేరు అక్కడిదే. స్టాన్‌ఫర్డ్ సోలార్ సెంటర్ వాళ్లు మొదట స్కూలు పిల్లల కోసం ఒకే స్టేషన్ పట్టే సిడ్ మానిటర్ చేశారు, తర్వాత ఒకేసారి చాలా స్టేషన్లు పట్టే ఈ సూపర్‌సిడ్ వచ్చింది. అమెరికాలోని సొసైటీ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఆస్ట్రానమర్స్ దగ్గర దొరుకుతుంది.

డబ్బాలో ఏముంటుంది అంటే అసలైంది ప్రీఆంప్, చిన్నదే, లూప్ యాంటెన్నా నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచి కంప్యూటర్ సౌండ్ కార్డ్‌కి ఇస్తుంది. మిగతా పనంతా సౌండ్ కార్డ్, సాఫ్ట్‌వేర్ చూసుకుంటాయి. సాఫ్ట్‌వేర్ ఫ్రీ, పైథాన్‌లో రాసింది, విండోస్ మీదా లైనక్స్ మీదా నడుస్తుంది, రాస్ప్‌బెర్రీ పై మీద పెట్టుకుంటే కరెంట్ ఖర్చు అసలు తెలీదు. కాన్ఫిగ్ ఫైల్లో మన ఊరి అక్షాంశం రేఖాంశం, ఏ స్టేషన్ ఏ ఫ్రీక్వెన్సీ అనేది రాసి పెడితే అయిదు సెకన్లకోసారి రీడింగ్ తీసి ఫైల్లో రాసుకుంటూ పోతుంది. టైమంతా యూటీసీలో (అంటే గ్రీన్‌విచ్ టైములో) ఉంటుంది కాబట్టి మనం అయిదున్నర గంటలు కలుపుకోవాలి. కావాలంటే డేటాని స్టాన్‌ఫర్డ్‌కి కూడా పంపొచ్చు, నాకు ఇది చాలా నచ్చిన విషయం, మన డాబా మీది తీగ చెప్పింది ఎక్కడో ఒక రీసెర్చర్ చూడొచ్చు.

ఇప్పుడు యాంటెన్నా. రెడీమేడ్ కోసం వెతక్కండి, చుట్టుకోండి. మీటరు పొడవు మీటరు వెడల్పు చెక్క ఫ్రేమ్ వడ్రంగి దగ్గర చేయించి, మోటర్ వైండింగ్ షాపులో 26 గేజ్ ఎనామిల్ వైర్ తూకం వేయించుకుని పాతిక చుట్లు చుట్టా, వంద మీటర్లు, పావు కిలో కూడా పట్టదు. ఇనుప ఫ్రేమ్ మాత్రం వద్దు, అది కూడా చుట్టూ కలిసిపోయిన ఒక చుట్టే అవుతుంది కాబట్టి సిగ్నల్‌ని తినేస్తుంది. తీగ చివర్ల మీద ఎనామిల్‌ని బ్లేడుతో బాగా గీకి రాగి మెరుపు కనపడ్డాకే సోల్డర్ పెట్టండి, అక్కడ సరిగ్గా అంటకపోతే ఎక్కడ తప్పిందో వెతుక్కుంటూ కూర్చోవాలి. అక్కడ్నుంచి ప్రీఆంప్ దాకా కోయాక్స్ (కేబుల్ టీవీకి వాడే లాంటి తీగ) లాగాలి. మిగతా చిల్లర సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

లూప్ అంచు స్టేషన్ వైపు చూడాలి, ముఖం కాదు. హైదరాబాద్ నుంచి వీటీఎక్స్ దాదాపు నేరుగా దక్షిణాన వెయ్యి కిలోమీటర్లు, అంటే ఫ్రేమ్‌ని ఉత్తరం దక్షిణంగా నిలబెడితే చాలు. ఆస్ట్రేలియా పడమటి తీరంలో ఎక్స్‌మౌత్ దగ్గరున్న ఎన్‌డబ్ల్యూసీ 19.8 కిలోహెర్ట్జ్, మనకి ఆగ్నేయంలో, దూరం 5,800 కిలోమీటర్లు, కానీ పవర్ ఒక మెగావాట్ కాబట్టి ఫ్రేమ్ అటు తిప్పకపోయినా వచ్చేస్తుంది. జపాన్‌లో ఎబినో నుంచి జేజేఐ 22.2. ఈ మూడూ మనకి బంగారం.

సౌండ్ కార్డ్ దగ్గర జాగ్రత్త పడాలి. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ (సెకనుకి 48 వేల సార్లు సిగ్నల్‌ని కొలవడం) అయితే అందులో సగం, 24 దాకానే కనపడుతుంది, అదీ చివర్లో ఫిల్టర్ కోసేస్తుంది, అంటే వీటీఎక్స్, ఎన్‌డబ్ల్యూసీ హాయిగా వస్తాయి గానీ జేజేఐ అంచు మీద వేలాడుతూ ఉంటుంది. జర్మనీ డీహెచ్‌ఓ 23.4 కూడా కావాలంటే 96 కిలోహెర్ట్జ్ కార్డ్ తప్పదు. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక యూఎస్‌బీ కార్డ్ డబ్బా మీద 96 అని పెద్దక్షరాలతో వేసి ఉంది, తీరా చూస్తే అది స్పీకర్ వైపు మాత్రమే, మైక్ ఇన్‌పుట్ 48 దగ్గరే ఆగింది, అమ్మినవాళ్లని అడిగితే సమాధానమే లేదు. కాబట్టి కొనే ముందు రికార్డింగ్ రేట్ ఎంత అని అడిగి రాయించుకోండి. ల్యాప్‌టాప్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్, నాయిస్ సప్రెషన్ లాంటివన్నీ ఆఫ్ చేయాలి, వాటి దృష్టిలో మన సిగ్నల్ మొత్తం నాయిసే.

ఇక అసలు తలనొప్పి, ఇల్లు. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, ఇన్వర్టర్, పక్కింటి రూఫ్‌టాప్ సోలార్, ఒక్కోటి స్క్రీన్ మీద ఒక్కో గీత గీస్తుంది, 50 హెర్ట్జ్ కరెంట్ హార్మోనిక్స్ (దాని రెట్లలో వచ్చే ఫ్రీక్వెన్సీలు) అయితే కింద నుంచి నిచ్చెన మెట్లలా పేర్చుకుంటూ పైకి వస్తాయి. లూప్‌ని గదిలో పెడితే సగం సిగ్నల్ వీటి కింద మునిగిపోతుంది. డాబా మీద, వైరింగ్‌కీ నీళ్ల మోటర్‌కీ దూరంగా ఒక మూలకి తీసుకెళ్తే తేడా అక్కడికక్కడే కనపడుతుంది. వీధి మొత్తం కరెంట్ పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపి చూడండి, స్క్రీన్ అంతా నల్లగా తేటగా అయిపోయి అందులో 18.2 దగ్గరా 19.8 దగ్గరా రెండు తెల్లటి గీతలు నిలబడతాయి, అది చూశాక మీ ఇంటి వాటా ఎంతో అర్థమైపోతుంది. వానాకాలం ఉరుముల చిటపట మాత్రం ఎవరం ఆపలేం. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని రాత్రి పూట వింటే దూరపు మెరుపులు టింగ్ టింగ్ మని చుక్కలు రాలినట్టు వినపడతాయి, వాటిని ట్వీక్‌లు అంటారు, ఐనోస్ఫియర్‌కీ నేలకీ మధ్య గుద్దుకుంటూ వచ్చేసరికి 1.7 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీలు వెనకపడి ఆ శబ్దం వస్తుంది. ఇది వినడానికి ప్రీఆంప్ చాలు, సూపర్‌సిడ్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఫలితం సంగతి. 2024 మే 10 మధ్యాహ్నం మన టైము 12:24కి ఎక్స్ 3.9 ఫ్లేర్ (ఎక్స్ అంటే అన్నిటికన్నా బలమైన తరగతి) పీక్ కొట్టింది. నా వీటీఎక్స్ గ్రాఫ్ ఆ టైముకి నిట్టనిలువుగా లేచి, తర్వాత గంటకి పైగా మెల్లగా వాలుతూ వచ్చింది, అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల గోస్ శాటిలైట్ ఎక్స్‌రే గ్రాఫ్ పక్కన పెట్టి చూస్తే ఎక్కే వైపు రెండూ దాదాపు ఒకటే. వడ్రంగి చేసిన ఫ్రేమ్‌కీ శాటిలైట్‌కీ ఒకే ముచ్చట తెలిసింది! ఆ రాత్రే లద్దాఖ్ హాన్లేలో ఆకాశం ఎర్రబడి అందరూ ఫొటోలు షేర్ చేశారు, కానీ అది అంతకు ముందు రోజుల్లో సూర్యుడి నుంచి బయల్దేరిన ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు) పని, ఈ ఫ్లేర్‌ది కాదు, చాలామంది రెండూ కలిపేశారు. ఇక ఫ్లేర్‌లు లేని రోజు కూడా ఊరికే పోదు, పొద్దున తెల్లారే టైములో గ్రాఫ్ తప్పకుండా వంపు తిరుగుతుంది. వీటీఎక్స్ మనకి సూటిగా కింద ఉంది కాబట్టి దారంతా దాదాపు ఒకేసారి తెల్లారుతుంది, వంపు తొందరగా అయిపోతుంది. ఎన్‌డబ్ల్యూసీ వైపు మనకన్నా బాగా ముందే తెల్లారుతుంది, వెలుగు దారి పొడవునా మన వైపు పాక్కుంటూ వస్తుంటే సిగ్నల్ పడుతూ లేస్తూ ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ ఒక్క గ్రాఫ్ చూపించండి, భూమి తిరగడం గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

లోపాలు ఏంటంటే, కాన్ఫిగ్ ఫైల్ కొత్తవాళ్లకి కష్టమే, పైథాన్ ఎప్పుడూ ముట్టనివాళ్లకి ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. ట్రాన్స్‌మిటర్ వాళ్లు మెయింటెనెన్స్‌కి ఆపితే మనకి గీత అడుగుకి పడిపోతుంది, దాన్ని చూసి ఫ్లేర్ అనుకోకూడదు, అందుకే ఎప్పుడూ రెండు స్టేషన్లు రికార్డ్ చేయాలి. షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే కిట్ ధరని మించొచ్చు, నలుగురు కలిసి తెప్పించుకోవడం మేలు. ఊరికే విందాం చూద్దాం అనుకునేవాళ్లు అసలు కిట్ కొనకుండా లూప్ చుట్టి మైక్ జాక్‌కి పెట్టి ఎస్‌ఏక్యూ ఆర్‌ఎక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టొచ్చు, స్వీడన్‌లో గ్రిమెటన్ అనే 1924 నాటి స్టేషన్ ఇంకా అప్పటి తిరిగే మెషీన్‌తోనే ఏడాదికి కొన్నిసార్లు 17.2 మీద మోర్స్ పంపుతుంది, దాని కోసం చేసిన సాఫ్ట్‌వేర్ అది.

ఇంకోటి, వికారాబాద్ దామగుండంలో నేవీ రెండో వీఎల్ఎఫ్ స్టేషన్‌కి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. అక్కడి అడవి గురించి చాలామంది ఆందోళన పడ్డారు, నాకూ ఆ బాధ ఉంది. ఈ కిట్ వరకే చెప్పాలంటే, అది మొదలైతే హైదరాబాద్ వాళ్లకి ఫ్లేర్‌లు చూడటానికి దాని వల్ల పెద్దగా లాభం ఉండదు, మరీ దగ్గర కాబట్టి పైనుంచి తిరిగొచ్చే తరంగం కన్నా నేల మీదుగా వచ్చేదే ఎక్కువ ఉంటుంది, పైగా ప్రీఆంప్ ఓవర్‌లోడ్ కాకుండా చూసుకోవాలి. విశాఖ, తిరుపతి, చెన్నై వాళ్లకి మాత్రం బాగా పనికొస్తుంది. అప్పటిదాకా మన రెండు రాష్ట్రాల్లో ఎవరు పెట్టుకున్నా కాన్ఫిగ్‌లో మొదట 18.2, 19.8 ఈ రెండే రాసుకోండి, అవి నిలకడగా వచ్చాకే మూడోదాని జోలికి వెళ్లండి.