గోధుమ మానేసినా కడుపునొప్పి: ముందు వంటిల్లా, పాలా, ఎండోస్కోపీయా?

సీలియాక్ (గోధుమలాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీను వల్ల చిన్నపేగు పొర దెబ్బతినే జబ్బు) అని తేలి, గోధుమ మానేసి ఏడాది దాటినా కడుపునొప్పి వదలడం లేదు, పాలు మానాలా, మళ్ళీ ఎండోస్కోపీ చేయించాలా అని విశాఖలో చాలామంది అడుగుతున్నారు. మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, ఆగని వాంతులు, నిద్రలోంచి లేపే నొప్పి ఉంటే ఈ చర్చే వద్దు, వెంటనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ నిపుణుణ్ణి) కలవండి. మలం నల్లగా వచ్చినా అంతే. ఐరన్ మాత్రలు వాడుతుంటే దానివల్లా నల్లబడవచ్చు, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇవేవీ లేకపోతే నా ఓటు వంటింటికే. తగ్గని నొప్పికి ఎక్కువగా దొరికే కారణం తెలియకుండా లోపలికి పోతున్న గ్లూటెనే. అన్నం తినే ఇంట్లో అదెక్కడిది అనుకుంటాం కానీ పొడి ఇంగువ డబ్బా వెనక చదవండి. చాలా రకాల్లో మైదాయో గోధుమపిండో కలుపుతారు. అది చారులో, సాంబారులో, పులిహోరలో రోజూ పడుతుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువా దొరుకుతుంది, లేదంటే నాలుగు వారాలు ఇంగువే మానేయండి.

రెండోది పిండిమర. గోధుమలు ఆడిన వెంటనే మీ బియ్యమో రాగులో పోస్తే మొదట వచ్చేది గోధుమ కలిసిన పిండే. ఇంట్లో మిక్సీ పట్టుకోవడం మేలు. జల్లెడ, చపాతీ పీట, చెక్క గరిటె వేరుగా ఉండాలి. పూరీలు వేయించిన నూనెలో అప్పడాలు వేయించకూడదు. టిఫిన్ సెంటర్లో గారె మినప్పిండిదే అయినా, మైదాతో చేసే మైసూరు బజ్జీ వేసిన నూనెలోంచి వస్తే ఫలితం లేదు. గోధుమరవ్వతో చేసే రవ్వదోసె పోసిన పెనం మీది పెసరట్టూ అంతే. మాడుగుల హల్వా గోధుమపాలతో చేసేది, అన్నవరం ప్రసాదం గోధుమనూకది. ప్రసాదం కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకివ్వండి. ప్యాకెట్ సరుకుకు మన దేశంలో ప్రమాణం కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్, 'గ్లూటెన్ ఫ్రీ' ముద్ర చూసి కొనండి.

ఈలోగా టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష (సీలియాక్‌లో పెరిగే యాంటీబాడీలను కొలిచేది) పాత ల్యాబులోనే చేయించి, పాత అంకెతో పోల్చండి. పెరిగితే గ్లూటెన్ లోపలికి పోతున్నట్టే అనుకోవచ్చు. మామూలుగా ఉన్నా అప్పుడప్పుడు లోపలికి పోవడం లేదని రుజువు కాదు. ఒంట్లో ఐజీఏ అనే ఆ యాంటీబాడీ రకమే తక్కువున్నవాళ్ళకు ఈ పరీక్ష పనికిరాదు, ఐజీజీ రకం అడగండి.

ఇక పాలు. కొత్తగా సీలియాక్ తేలినవాళ్ళలో పేగు పొర మానేదాకా లాక్టోజ్ అనే పాలచక్కెర అరగకపోవడం సహజం. పాలు తాగిన రెండు మూడు గంటల్లో ఉబ్బరం, గ్యాసు, నీళ్ళ విరేచనం ఉంటే రెండు వారాలు ఆపి చూడండి. పుల్లటి పెరుగు చాలామందికి పడుతుంది. శాశ్వతంగా మానొద్దు. సీలియాక్‌లో ఎముకలు ముందే పలచబడి ఉండవచ్చు, కాల్షియం తగ్గకూడదు.

ఎండోస్కోపీని వెనక పెట్టడానికి ఒకటే కారణం. గోధుమ కలిసిన ఇంగువ తింటూ చేయిస్తే పేగు పొర దెబ్బతిన్నట్టు కనబడుతుంది, కానీ అది గ్లూటెన్ వల్లో, ఆహారానికి లొంగని సీలియాక్ వల్లో బయాప్సీ (ఎండోస్కోపీలో తీసిన పేగు ముక్క పరీక్ష) చెప్పలేదు. లొంగని రకం అని తేల్చాలంటే దాదాపు ఏడాది కచ్చితంగా గ్లూటెన్ లేని ఆహారం తీసుకుని ఉండాలి. ఈ నాలుగు వారాలు ఏం తిన్నారో రాసుకున్న డైరీ చేతిలో ఉంటే డాక్టరుకు సగం దారి తెలుస్తుంది.

ఐబీఎస్ (పేగు పొర దెబ్బతినకుండానే నొప్పి, విరేచనంలో తేడాలు వచ్చే సమస్య), చిన్నపేగులో బ్యాక్టీరియా పెరగడం, క్లోమం బలహీనత కూడా కారణాలే. వాటి పరీక్షలు డాక్టరు చెబితే చేయించుకోండి.