'రష్ ఇన్ రియో': పాట కన్నా జనం హోరే ఎక్కువ

కెనడా రాక్ బ్యాండ్ రష్ లైవ్ ఆల్బమ్‌లు చాలానే ఉన్నాయి. ఏళ్ల తరబడి నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది మాత్రం 'రష్ ఇన్ రియో'నే. సౌండ్ పరంగా వాటిలో ఇదే అధ్వానమని నా అభిప్రాయం, అయినా సరే.

కారణం అందులోని 'వై వై జెడ్' (YYZ) అనే పాట. దానికి మాటలే లేవు, అంతా వాయిద్యమే. YYZ అంటే టొరంటో విమానాశ్రయం కోడ్, దాన్ని మోర్స్ టెలిగ్రాఫ్ సంకేతాల్లో కొడితే వచ్చే లయతో పాట మొదలవుతుంది, పట్టుకుని చప్పట్లు కొట్టడమే కష్టం. 2002 నవంబర్ 23 రాత్రి బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, మరకానా స్టేడియంలో దాదాపు 40 వేల మంది ఆ గిటార్ వరసను నోటితో "ఓ ఓ ఓ" అంటూ పాడేశారు. ఎవరూ పాడమనలేదు. మొదటి ఆల్బమ్ 1974లో వస్తే, ఈ బ్యాండ్ బ్రెజిల్‌లో మొదటిసారి కచేరీ చేసింది 2002 నవంబర్‌లోనే. అన్నేళ్లు ఎదురుచూసినవాళ్లు ఇక ఆగుతారా! డీవీడీలో అయితే ఆ జనం గెంతడం కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు గొడవ. ఆ జనం ఒక్క పాటతో ఆగరు, మూడు సీడీల పొడవునా మన చెవిలోనే ఉంటారు. వాన వల్ల సామాను ఆలస్యమై ఆ రోజు సౌండ్ చెక్ చేసుకునే వీలే లేకపోయిందట, సరే. కానీ మిక్సింగ్ తీరిగ్గా చేసిందే కదా! గాయకుడు, బేసిస్ట్ గెడ్డీ లీ, గిటారిస్ట్ అలెక్స్ లైఫ్‌సన్ ఇద్దరే అకూస్టిక్ గిటార్లతో కూర్చుని వాయించే 'రెసిస్ట్'లో కూడా పక్కన పెళ్లి భోజనాలు జరుగుతున్నట్టే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట సౌండ్ తగ్గించి పెడితే బేస్ మాయమవుతుంది, హోరు మాత్రం మిగులుతుంది. హెడ్‌ఫోన్స్‌లో కాస్త నయం, గంట దాటితే తలనొప్పి.

బ్యాండ్ డ్రమ్మర్ నీల్ పియర్ట్ డ్రమ్ సోలో 'ఓ బటెరిస్టా' గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. మొదట్లో అది వినమని అందరి వెంటా పడేవాణ్ని. ఇప్పుడు సగంలో దాటేస్తున్న రోజులూ ఉన్నాయి.

రష్‌ను కొత్తగా వినేవాళ్లకు 1981 నాటి 'ఎగ్జిట్... స్టేజ్ లెఫ్ట్' ఇస్తాను, అందులో ప్రతి వాయిద్యం విడివిడిగా వినపడుతుంది. పాటలు ముందే కంఠతా వచ్చి, కారులో సౌండ్ పెంచుకునే వీలుంటే మాత్రం రియో కొనుక్కోండి. నాకు కారు లేదు, బస్సులో వింటాను, ఆ గోలలో ఈ గోల కలిసిపోతుంది కాబట్టి నా మాట మీకు వర్తించకపోవచ్చు.