పి-విలువా, విశ్వాస అంతరమా? పలాస జీడితోటలో ఒక లెక్క

పలాస దగ్గర ఒక తోటలో కొన్ని జీడిచెట్లకు కొత్త ఎరువు వేశామనుకోండి. వేయని వాటికంటే చెట్టుకు సగటున 2 కిలోల పిక్కలు ఎక్కువొచ్చాయి, పి-విలువ (ఎరువు ప్రభావమేమీ లేకపోయినా యాదృచ్ఛికంగానే ఇంత, లేదా ఇంతకంటే పెద్ద తేడా కనిపించే అవకాశం) 0.04. "తేడా ఉంది" అని రాసేయొచ్చు. రైతు అడిగేది మాత్రం "ఎన్ని కిలోలు బాబూ?" అని.

దానికి 95 శాతం విశ్వాస అంతరం (అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చూపే హద్దులు) కావాలి: 0.1 నుంచి 3.9 కిలోలు. ఎరువు ఖర్చు కూడా రాకపోవచ్చన్నమాట! పక్క తోటలోనూ తేడా 2 కిలోలే, పి 0.06, అంతరం మైనస్ 0.1 నుంచి 4.1. రెండూ దాదాపు ఒకటే. అయినా పి మాత్రమే చూస్తే ఒకటి పాస్, ఇంకోటి ఫెయిల్. 1920ల్లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ వాడుకలోకి తెచ్చిన 0.05 గీతకు (పి దీనికంటే తక్కువైతేనే "తేడా ఉంది" అనడం) ఇంత భయమెందుకో.

పి 0.04 అంటే ఎరువు పనిచేయకపోయే అవకాశం 4 శాతమని కాదు (ఒకప్పుడు నేనూ అలాగే చెప్పేవాణ్ణి). ఇప్పుడు రిపోర్టులో కిలోలు, అంతరం ముందు రాస్తాను. పి చివర్లో, పూర్తి అంకెతో.