పైలట్ సీటు పేరుతో బెజవాడలో 3,80,000 కట్టాం, మీరు కట్టకముందు ఇది చదవండి

మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. నీట్‌లో ర్యాంకు రాక ఇంట్లో అందరం దిగాలుగా ఉన్నప్పుడు ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. విజయవాడ బందరు రోడ్డులోని ఒక హోటల్లో పైలట్ కెరీర్ సెమినార్, ప్రవేశం ఉచితం. 2025 జూలై 13, ఆదివారం. వెళ్లాం. టీ, సమోసా కూడా ఉచితమే. ఆ సమోసాలు చివరికి మాకు 3,80,000 పడ్డాయి.

సెమినార్ పెట్టిన కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు, ఫిర్యాదు విచారణలో ఉంది. వాళ్లు మాట్లాడే తీరు మాత్రం రాస్తాను.

స్టేజీ మీద తెల్లచొక్కా, భుజాల మీద నాలుగు బంగారు గీతలతో ఒకాయన. అందరం 'కెప్టెన్ గారూ' అని పిలిచాం, ఆయన కాదనలేదు. మార్కెటింగ్ మేనేజర్ అని నెలల తర్వాత తెలిసింది. తెర మీద రెండు వార్తలు చూపించాడు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకు ఆర్డర్ ఇచ్చింది, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500కి. "మొత్తం 970 విమానాలండీ, ఎవరు నడపాలి? మీ పిల్లలే!" అన్నాడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

వార్తలు రెండూ నిజమే. చెప్పకుండా దాచినవే మమ్మల్ని ముంచాయి. ఆ విమానాలన్నీ ఒక్కసారిగా రావు, ఏళ్ల తరబడి వస్తాయి. కంపెనీలకు ఎక్కువగా కావలసింది అనుభవం ఉన్న కెప్టెన్లు. 200 గంటలు చిన్న విమానం నడిపి సీపీఎల్ (ఉద్యోగంగా విమానం నడపడానికి కావలసిన లైసెన్సు) తెచ్చుకున్న కొత్తవాళ్లు ఇప్పటికే వరుసలో ఉన్నారు. ఆ లైసెన్సులిచ్చే కేంద్ర విమానయాన సంస్థ డీజీసీఏ 2022లో 1,165 సీపీఎల్‌లు ఇస్తే 2023లో 1,622 ఇచ్చింది. 2023 మే నెలలో గో ఫస్ట్ విమాన కంపెనీ ఆగిపోయాక దాని పైలట్లూ ఉద్యోగాలు వెతుక్కున్నారు. పైగా సీపీఎల్ చేతికొస్తే పని అయిపోయినట్టు కాదు. ఎయిర్‌బస్ 320 లాంటి విమానం నడపాలంటే టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికి ప్రత్యేక శిక్షణ, వేరుగా చేయాలి. చాలామంది దానికి సొంత డబ్బు లక్షల్లో పెడతారు. ఆ తర్వాత కంపెనీ రాతపరీక్ష, సిమ్యులేటర్ పరీక్ష, ఇంటర్వ్యూ. వీటి గురించి సెమినార్లో ఒక్క ముక్క లేదు.

సెమినార్లో ఇచ్చిన 'ఐదేళ్లలో కెప్టెన్' అన్న హామీ కూడా అంతే. కెప్టెన్‌కి ఏటీపీఎల్ అనే పై లైసెన్సు కావాలి, దానికి 1,500 గంటలు ఎగిరి ఉండాలి. ఆ గంటలు నిండినా సీనియారిటీని బట్టి, ఖాళీని బట్టి కంపెనీ పిలవాలి. అది కన్సల్టెంట్ రాసిచ్చే హామీ ఎలా అవుతుంది?

ఫ్లయింగ్ స్కూల్లో, అంటే పైలట్ శిక్షణ ఇచ్చే చోట, సీటుకని జూలైలో మొదటి వాయిదా 1,50,000 కట్టాం. డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయినప్పుడు స్టేజీ మీద మాట్లాడిన ఆ మేనేజరే ఫోన్ చేశాడు. "చూశారా సార్, పైలట్లు లేక విమానాలు ఆగిపోయాయి. రెండో వాయిదా కట్టేయండి, సీటు పోతుంది." పైలట్ల విశ్రాంతి, రాత్రి డ్యూటీల కొత్త నిబంధనలకు కంపెనీ ముందుగా సిద్ధపడకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది అది. అప్పుడు నాకేం తెలుసు? మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి 2,30,000 కట్టాను.

జనవరిలో అనుమానం వచ్చి, సీటు వచ్చిందని చెప్పిన ఫ్లయింగ్ స్కూల్‌కి నేనే ఫోన్ చేశాను. మా అమ్మాయి పేరుతో అక్కడ సీటు లేదు. ఈ కన్సల్టెన్సీ ఎవరో వాళ్లకి తెలియదు. ఆ రాత్రి రసీదు తీసి చూశాను. గుండ్రటి సీలు కింద, కళ్లజోడు పెట్టుకున్నా కనపడనంత చిన్న అక్షరాల్లో 'కెరీర్ గైడెన్స్ సర్వీసు ఛార్జీలు, తిరిగి ఇవ్వబడవు' అని ఉంది. సీటు అన్న మాటే ఎక్కడా లేదు.

ఇంకో సంగతి. మేం కట్టిన నాటికి సీపీఎల్‌కి ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్‌తో పాటు మ్యాథ్స్ కూడా ఉండాలి. బైపీసీ పిల్లలు ఓపెన్ స్కూల్లో మ్యాథ్స్ విడిగా రాసుకోవాలి. ఆ పెద్దమనిషి మాత్రం "రూల్ మారిపోతోంది, టెన్షన్ పడకండి" అన్నాడు.

మీ పిల్లలకి ఈ ఆశ ఉంటే ఒక్క రూపాయి కట్టకముందే మెడికల్ చేయించండి. ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1, డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గరే. అది వేలల్లో తేలిపోతుంది. కళ్లలోనో చెవుల్లోనో లోపం లక్షలు కట్టాక బయటపడితే ఇంక చేసేదేం లేదు. స్కూల్ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో చూడండి. 2025 అక్టోబరు నుంచి స్కూళ్లకు ర్యాంకింగ్ కూడా ఇస్తున్నారు. ఫోన్‌తో సరిపెట్టకుండా రైలెక్కి వెళ్లి, ఎన్ని విమానాలు ఎగురుతున్నాయో, అక్కడి పిల్లలకు నెలకి ఎన్ని గంటలు దొరుకుతున్నాయో వాళ్లనే అడగండి. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష రాయాలి.

నేను ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. అమ్మాయి ఇప్పుడు మ్యాథ్స్ చదువుతోంది. క్లాస్ 2 మెడికల్ పాసైంది.

ఆ ఆదివారం మా ముందు వరుసలో నరసరావుపేట నుంచి వచ్చిన తండ్రీకొడుకులు కూర్చున్నారు, అక్కడికక్కడే అడ్వాన్స్ కట్టారు. అయ్యా, ఇది మీ కంట పడితే రసీదు పారేయకండి. ఫిర్యాదుకి రెండేళ్ల గడువు ఉంటుంది.