షాంఘైలో పెద్దవాళ్లతో ఒక రోజు: గోంగ్‌దెలిన్ శాకాహార భోజనం

ఇంట్లో పెద్దవాళ్లు శాకాహారులైతే చైనా జోలికే వెళ్లొద్దని మా మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లంతా ఒకటే మాట. సూట్‌కేసు నిండా అటుకులు, పులిహోర పేస్టు మోసుకెళ్తే తప్ప బతకలేరన్నారు. అది నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. షాంఘైలో నాన్జింగ్ వెస్ట్ రోడ్డు మీద గోంగ్‌దెలిన్ అని ఒక శాకాహార హోటల్ ఉంది, 1922 నుంచి నడుస్తోంది. అత్తగారు, మావగారు, పిల్లలతో కలిసి వెళ్లిన మేము ఆ రోజు ప్లానంతా ఆ ఒక్క భోజనం చుట్టూ వేసుకున్నాం, మీరూ అలాగే వేసుకోండి అంటాను.

బెంగళూరులో మేము అడిగిన ఒక ట్రావెల్ ఏజెంట్ వెజ్ భోజనం ప్యాకేజీలోనే ఉంటుందన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, రోజూ మధ్యాహ్నం బస్సెక్కించి ఎక్కడో దూరంగా ఉన్న ఇండియన్ రెస్టారెంటుకు తీసుకెళ్తారట. షాంఘై దాకా వెళ్లి పనీర్ బటర్ మసాలా కోసం సగం రోజు బస్సులో కూర్చోవడమేమిటి? ప్యాకేజీ వద్దనుకుని మెట్రోనే నమ్ముకున్నాం.

పొద్దున యూ గార్డెన్ చూశాం. మింగ్ రాజుల కాలంలో పాన్ యున్‌దువాన్ అనే అధికారి, వయసు మళ్లిన తండ్రి ప్రశాంతంగా గడపాలని 1559లో మొదలుపెట్టి కట్టించిన తోట అది. ఈ సంగతి చెప్పగానే మా మావగారికి ఆ తోట మీద ఎక్కడలేని అభిమానం వచ్చేసింది, ప్రతి మంటపంలోనూ కాసేపు కూర్చుని గానీ కదల్లేదు. సీజన్‌ను బట్టి టికెట్ 30 లేదా 40 యువాన్లు, యువాన్ అంటే మనకు 12 రూపాయల పైనే. బయట బజారులో ఆవిరి బుట్టల్లో అమ్మే బన్నులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ లోపల పంది మాంసం ఉంటుంది, పిల్లలు చెయ్యి పెట్టకుండా చూసుకోండి. అక్కడి నుంచి లైన్ 10లో ఒక స్టేషన్, మారి లైన్ 2లో ఇంకో స్టేషన్, పీపుల్స్ స్క్వేర్‌లో దిగితే హోటల్‌కు నడిచి వెళ్లొచ్చు. మెట్రోలో కనీస చార్జీ 3 యువాన్లు.

ఇక భోజనం. బొమ్మల మెనూ తెరవగానే మా అత్తగారి మొహం మారిపోయింది, ఎందుకంటే బాతు, పీత, చేప అన్నీ అందులో ఉన్నాయి! అవన్నీ సోయా, గోధుమ, పుట్టగొడుగులతో చేసినవే. మాంసం మానేసిన భక్తులకూ, వాళ్లతో వచ్చిన మాంసాహారులకూ ఒకే బల్ల మీద వడ్డించడానికి చైనా బౌద్ధ వంటవాళ్లు తరతరాలుగా పెంచుకున్న విద్య ఇది. ఆ సంప్రదాయంలో ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే, కార్తీక మాసంలో మనం పాటించే నియమం లాగానే, అని చెప్పాక ఆవిడ మనసు కుదుటపడింది. గుడ్డు పట్టింపు ఉంటే మాత్రం ప్రతి వంటకానికీ అడిగి తీసుకోండి.

అన్నిటికంటే నాకు నచ్చింది కావోఫూ. గోధుమ పిండిలో జిగురుగా ఉండే గ్లూటెన్‌ను పొంగించి, ముక్కలు చేసి, నల్ల పుట్టగొడుగులు, వేరుశనగ గింజలతో సోయా సాస్‌లో మగ్గబెడతారు. చల్లగానే పెడతారు. స్పాంజిలాంటి ఆ ముక్క కొరికితే పులుసంతా నోట్లోకి వస్తుంది, మన మీల్ మేకర్ ఇంత రుచిగా నేనెప్పుడూ తినలేదు. పీత అని రాసినది క్యారెట్, బంగాళాదుంప మెత్తగా చిదిమి అల్లం, వెనిగర్ వేసి చేసిన కూర, అన్నంలో కలుపుకుంటే మా పాప ఇంకేమీ అడగలేదు. బాతు అనేది టోఫు పొరలు చుట్టి వేయించినది, మావగారు రెండోసారి వడ్డించుకున్నారు. షాంఘై వంటలో చక్కెర, సోయా సాస్ బాగా పడతాయి, కారం దాదాపు ఉండదు, కాబట్టి ఆవకాయ చిన్న సీసా వెంట ఉంచుకోవడం మంచిదే. ఇందిరానగర్‌లో తినే గోబీ మంచూరియా కోసం మాత్రం వెతక్కండి, అది మన దేశంలో పుట్టిన వంట. తాగడానికి వేడి నీళ్లు అడగ్గానే తెచ్చారు, చైనాలో అందరూ అవే తాగుతారు, ఇంట్లో వేడినీళ్లు తప్ప ముట్టని మా అత్తగారికి అంతకంటే ఏం కావాలి. మనిషికి 100 యువాన్లకు అటూఇటూగా అయింది, ఆ వంటకు ఎక్కువేమీ కాదు.

మామూలు హోటళ్లలో జాగ్రత్త. కూరగాయల వంటకం అని తెప్పించుకుంటే వేయించిన బీన్స్‌లోనూ, టోఫులోనూ పంది కీమా చల్లి ఇచ్చే అలవాటుంది. శాకాహారం మాత్రమే తింటాం, మాంసం రసం కూడా వద్దు అని చైనీస్‌లో రాయించిన చీటీ ఫోన్‌లో పెట్టుకోండి.

మధ్యాహ్నం జేడ్ బుద్ధ గుడికి వెళ్లాం, లైన్ 13లో జియాంగ్‌నింగ్ రోడ్ స్టేషన్. 1882లో బర్మా నుంచి తెచ్చిన, జేడ్ అనే విలువైన రాతితో చేసిన విగ్రహాల కోసం వెలసిన గుడి. జనం పెరిగి చోటు చాలక 2017లో అక్కడి పెద్ద మందిరాన్ని, లోపలి విగ్రహాలతో సహా, 30 మీటర్లు వెనక్కి జరిపారు! సివిల్ ఇంజినీరుగా రిటైరైన మావగారు ఆ గోడల దగ్గర నుంచి కదల్లేదు. అక్కడి పుట్టగొడుగుల నూడుల్స్ చవక, పులుసు చాలా బాగుంది, ఆకలి లేకపోయినా తినండి.

రాత్రి బండ్ దగ్గర, అంటే నది ఒడ్డున నడిచే దారిలో, ఎప్పుడూ ఉండే జనమే. అవతలి ఒడ్డున 632 మీటర్ల షాంఘై టవర్, ఆ దీపాలు చూడాల్సిందే, కానీ టూరిస్టు పడవకు డబ్బు పోయకండి, ఊరివాళ్లు నది దాటే ఫెర్రీ 2 యువాన్లే.

డబ్బు విషయం: అక్కడ మన యూపీఐ స్కాన్ చేస్తే పని చేయదు. ఫోన్‌తో డబ్బు కట్టే చైనా యాప్ అలీపేలో మన వీసా కార్డు ఇక్కడే జోడించి పెట్టుకోండి, ఓటీపీ మన సిమ్‌కు వస్తుంది. ఒక్క బిల్లు 200 యువాన్లు దాటితే 3 శాతం చార్జీ పడుతుంది, హోటల్ బిల్లు ఇద్దరి ఫోన్ల నుంచి విడగొట్టి కట్టొచ్చేమో అడగండి. గూగుల్ మ్యాప్స్‌ను నమ్ముకోకండి.

బెంగళూరు స్కూళ్ల దసరా సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్లు తేదీలు చూసుకోండి. అక్టోబర్ 1 నుంచి వారం రోజులు వాళ్ల జాతీయ సెలవులు, దేశమంతా ప్రయాణాల్లోనే ఉంటుంది, ఆ వారంలో పెద్దవాళ్లను బండ్ దగ్గరికి తీసుకెళ్లొద్దు.